డిగ్రీ తప్పిన పాలు

పాలు పొంగుతాయి, నీళ్ళు ఎంత మరిగినా పొంగవు. ఎందుకు? నర్సీపట్నం పాలకేంద్రంలో నేను చేరిన కొత్తలో క్యాన్లు దింపే కూలీ ఒకతను అడిగిన ప్రశ్న ఇది. చేతిలో పని పక్కన పెట్టి మరీ చెప్పాను. పాలు కాగేటప్పుడు పైన మీగడ మూతలా పరుచుకుంటుంది. కింద పుట్టిన ఆవిరికి దారి దొరక్క ఆ మూతనే ఎత్తుకుని పైకి వస్తుంది. నీళ్ళకు మీగడ లేదు కనక ఆవిరి తన దారిన తాను పోతుంది. అతను శ్రద్ధగా విని, "గిన్నెలో గరిటుంచితే పొంగవన్నది అందుకేనేటండి?" అన్నాడు. అందుకే అన్నాను. గరిట కదిలినచోట మూత చిరుగుతుంది కదా.

ఆ రోజుతో నా పని రెట్టింపయింది. ఐసుగడ్డ మీద ఊక ఎందుకు కప్పుతారు, చల్లటి గ్లాసుకు బయట చెమట ఎందుకు పడుతుంది, ఎండాకాలం పెరుగు సాయంత్రానికే ఎందుకు పులుస్తుంది అని వచ్చినవాడల్లా అడిగేవాడు. నాకూ నోటి దురద ఎక్కువే. ప్రశ్న వినపడితే చాలు, "ఎందుకంటే" అని మొదలుపెట్టేవాణ్ణి. మా ఆఫీసులో నాకు 'ఎందుకంటే గారు' అని పేరు పెట్టారు. బజారులో ఒకరోజు మా ఆవిడను ఎవరో 'ఎందుకంటే గారి భార్య' అన్నారట. ఇంటికొచ్చి కూరల సంచీ నా ముందు ధబీమని పెట్టింది.

మా కెమిస్టు గారికి మాత్రం ఈ వ్యవహారం నచ్చేది కాదు. ఆయన నాకు పై అధికారి, పని నేర్పిన గురువు కూడా. యాసిడ్ సీసా పట్టుకోవడం దగ్గర్నుంచి పై ఆఫీసుకు జవాబు రాయడం దాకా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "గర్భగుడి తలుపులు ఎప్పుడూ బార్లా తీసి ఉంచరయ్యా. మన పరీక్షలు ఎలా పనిచేస్తాయో జనానికి తెలిస్తే మోసం చేయడం కూడా తెలుస్తుంది. మనం చూడాలి, వాళ్ళు నమ్మాలి, అంతే" అనేవారు. అందులో నిజం లేకపోలేదు. ఎంత ఉందో తర్వాత చెబుతాను.

ఇప్పుడు డెయిరీల్లో పనిచేస్తున్న మీకు పాల పరీక్ష అంటే మిషను మీట నొక్కడమే. ఎనభైల మొదట్లో ఊళ్ళ సెంటర్లలో ఉన్నదల్లా ఒక లాక్టోమీటరు. అడుగున సీసపు గుళ్ళు నింపిన గాజు గొట్టం అది. పైన సన్నటి మెడ, మెడ మీద గీతలు. చిక్కటి పాలల్లో తేలుతుంది, నీళ్ళు కలిసిన పాలల్లో మునుగుతుంది. ఎంతవరకు మునిగిందో గీత చూసి చెప్పడమే. ఆ గీతను ఊళ్ళో అందరూ డిగ్రీ అనేవారు. పాలు బాగుంటే 'డిగ్రీ వచ్చింది', లేకపోతే 'డిగ్రీ తప్పింది'. ఆ రోజుల్లో ఆ పల్లెల్లో డిగ్రీ తప్పినవి పాలే. మనుషులింకా అంతదాకా చదవలేదు.

రోలుగుంట వైపు ఒక ఊళ్ళో మా సెంటరు నడిపే పాల సొసైటీ సెక్రటరీ చాలా నిక్కచ్చి మనిషి. పది పాసయ్యాడు. సొంత బావమరిది పాలు డిగ్రీ తప్పితే కూడా వెనక్కి పంపిన ఘనుడు. ఒక చలికాలం అతను సైకిలు తొక్కుకుంటూ నర్సీపట్నం వచ్చి, నా ఎదురుగా బల్ల మీద కూర్చుని తల దించుకున్నాడు.

"అప్ప పాలు డిగ్రీ తప్పుతున్నాయండి. రెండుసార్లు సెప్పేను. మారలేదు. ప్రెసిడెంటు గారు సొసైటీలోంచి తీసెయ్యమంటన్నారు. మీరొకసారి వొచ్చి సూడండి. నాను తప్పు సూత్తన్నానేమో అని నాకే అనుమానంగా ఉన్నాది."

అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. ఆవిడ వాళ్ళెవరికీ తోబుట్టువు కాదు. నలభై దాటిన మనిషి, నోరు కాస్త కరుకు, మనసు తెల్లన. ఊరంతా అప్పా అనే పిలిచేది. ఆవిడ, భర్త, ఒక గేదె. ఆ ఇంటి సంసారమంతా అంతే. ఆవిడ పాలల్లో నీళ్ళంటే నాకూ ఆశ్చర్యమే వేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆ మధ్యే సెంటరును ఊరి చివర నుంచి నడిబొడ్డున ఉన్న గదిలోకి మార్చారు. పొగమంచులో ముక్కులు ఎగబీలుస్తూ ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి పాలూ చూసి సెక్రటరీ పోయించుకుంటున్నాడు. అప్ప వంతు వచ్చింది. బిందె ఆవిడ చేతుల్లోంచి నేనే అందుకుని, మీటరు వదిలే పొడుగాటి జాడీలోకి పాలు వంచాను. సెక్రటరీ మీటరు వదిలాడు. అది బుడుంగున దిగి, ఉండాల్సిన గీత కన్నా బాగా కిందే ఆగింది.

"నీళ్ళు కలిపేవా అప్పా?" అని అతను మెల్లగానే అడిగాడు.

"కలిపేను" అంది ఆవిడ.

వరసలోని తలలన్నీ ఇటు తిరిగాయి. అలా ఒప్పుకున్నవాళ్ళను నా ఉద్యోగంలో అంతకుముందు చూడలేదు. పట్టుబడ్డవాళ్ళు దూడ మీద ఒట్టేస్తారు, పిల్లల మీద ఒట్టేస్తారు, వానను తిడతారు. కలిపానని ఎవరూ అనరు.

"ఎంత కలిపేవు?"

"సుక్క. రోజూ ఏస్తాను. మాయమ్మ ఏసేది, ఆళ్ళమ్మ ఏసేది. గుమ్మం దాటి ఎల్లే పాలల్లో సుక్క నీళ్ళు పడాల. నేకపోతే గేదికి దిష్టి. పొదుగు ఎండిపోతాది."

"సుక్కా, సెంబా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. వరస గొల్లున నవ్వింది. అప్ప వెనక్కి తిరిగి ఆ నవ్విన మొహాలన్నీ ఒకసారి చూసింది. తర్వాత నా చేతిలోంచి బిందె లాక్కుని, జాడీలోని పాలు కూడా అందులో పోసుకుని వెళ్ళిపోయింది. ఒక సంగతి నేను గమనించాను. వరసలోని ముసలమ్మలు నవ్వలేదు. కొంగు సర్దుకుంటూ నేల చూశారు. ఆ చుక్క వేయని ఇల్లు ఆ ఊళ్ళో లేదని నాకు తర్వాత తెలిసింది. అడిగితే లేదనేవారు, అంతే. ఈవిడకు లేదనడం చేతకాలేదు.

బయటికి వస్తే ఆవిడ భర్త గోడవార నిలబడి ఉన్నాడు. మాట నెమ్మది మనిషి.

"సొసైటీ పాలు పోయించుకోకపోతే ఆ గేదిని నానేటి పెట్టి మేపుతాను బాబూ? వొచ్చే సంతకి తోలేస్తాను. గేదంటే పోనాది, ఇంకోటి కొనుక్కోవచ్చు. మా ఆడదాని పేరు పోనాది. అదెక్కడ కొంటాను?"

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. చుక్క నీళ్ళతో డిగ్రీ పడదు. అంత పడాలంటే చెంబులు చెంబులు పోయాలి. చెంబు పోసేవాళ్ళు చుక్క పోశామని కూడా చెప్పరు. సెక్రటరీని పక్కకు పిలిచి, అప్ప పాలు ఎప్పటి నుంచి తప్పుతున్నాయని అడిగాను.

"సెంటరు ఇక్కడికి మార్చిన కాడి నుంచేనండి. అదే నాకు ఇచిత్రం. ఆవిడిల్లు ఈ గోడ అవతలే. దగ్గరకొచ్చేం కదా, బయ్యముండాల కదండీ."

అప్పుడు గుర్తొచ్చింది. బిందె అందుకున్నప్పుడు నా అరచేతులకు వెచ్చగా తగిలింది. ఆ చలిలో ఆ వెచ్చదనం హాయిగా కూడా అనిపించింది. మిగతా వాళ్ళంతా దూరాల నుంచి, మంచులో నడిచి వస్తారు. వాళ్ళ బిందెలు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఈవిడ పాలు పితికి గోడ చుట్టి వచ్చేస్తుంది. సెంటరు ఊరి చివర ఉన్నన్నాళ్ళూ ఈవిడా నడిచేది, పాలూ చల్లారేవి. వేడి పాలల్లో మీటరు దిగుతుంది. ఇది మా పుస్తకాల్లో మొదటి పాఠం. అందుకే మీటరుతో పాటు థర్మామీటరు కూడా పెట్టి చూడాలని రూలు.

"థర్మామీటరు ఏదయ్యా?"

"సామాను మార్చినప్పుడు పగిలిపోనాదండి. అప్పుడే కబురెట్టేను. ఇంకా రాలేదు."

ఆ కబురు ఎక్కడ పడుకుందో నాకు తెలుసు. మా ఆఫీసులో కబుర్లకు మంచి నిద్ర పడుతుంది.

నర్సీపట్నం తిరిగొచ్చి కెమిస్టు గారికి అంతా చెప్పాను. ఊరందరి ముందూ పరీక్ష చేసి చూపిస్తానన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"సెక్రటరీకి చెవిలో చెప్పు. పాలు చల్లారాక తెమ్మని ఆవిడకు చెప్పమను. అక్కడితో సరి. నలుగురిలో మీటరు తప్పు చూపిందని తెలిస్తే రేపు ప్రతివాడూ మీటరుదే తప్పంటాడు. ఒక్క ఊరు కాదు, అన్ని ఊళ్ళలోనూ మన మాట పోతుంది."

"మన మాట మళ్ళీ తెచ్చుకోవచ్చండి. ఆవిడను చూసి నలుగురిలో నవ్వారు. చెవిలో చెబితే ఆ నవ్వు ఎలా పోతుంది?" అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. 

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తన పనిలో పడ్డారు. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే పిలిచి, జేబురుమాల్లో చుట్టిన పొడుగాటి వస్తువొకటి చేతిలో పెట్టారు. ల్యాబులో ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వని థర్మామీటరు. "పగలగొట్టావంటే చూడు" అని మాత్రం అన్నారు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఆ పూట ఇంకో మెట్టెక్కింది.

మర్నాడు అప్పను రప్పించడమే కష్టమైంది. వాళ్ళ గుమ్మంలో నిలబడి బతిమాలాను.

"మళ్ళీ ఏటి? ఇంకోపాలి నవ్వించడానికా?" అంది.

"ఈసారి పరీక్ష మీ పాలకి కాదమ్మా, మా మీటరుకి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చెప్పులు విడిచి లోపలికి రమ్మంది.

ప్రెసిడెంటు గారు, సెక్రటరీ, ఇంకో నలుగురు పెద్దలు చూస్తుండగా గేదెను పితికింది. ఈ ఒక్క రోజుకీ ఆ చుక్క మానమ్మా అన్నాను. వినలేదు. అందరి కళ్ళ ముందే వేలు నీళ్ళలో ముంచి, బిందెలోకి ఒక్క చుక్క విదిలించింది. అంతా చెడిందనుకున్నాను. మళ్ళీ ఆలోచిస్తే, ఇదీ మంచిదే అనిపించింది. దాచిందేమీ లేదు.

సెంటరు ముందు ఊరంతా పోగైంది. పితికిన పాలు పితికినట్టే జాడీలో పోసి మీటరు వదిలాం. దిగిపోయింది. జనం ఉస్సురన్నారు. థర్మామీటరు పెట్టి ఎంత వేడి ఉన్నాయో సెక్రటరీకి చూపించాను. అదే పాలు ఒక ఇత్తడి గిన్నెలో పోసి, నూతి నీళ్ళు నింపిన గోళెంలో ఆ గిన్నెను కూర్చోబెట్టాను. పాలు చల్లారాలి. అందాకా జనాన్ని నిలపాలి. ఇంక నాకు అడ్డేముంది?

రెండు గ్లాసుల నీళ్ళు, ఒక కోడిగుడ్డు, గుప్పెడు ఉప్పు తెప్పించాను. ఉత్త నీళ్ళలో గుడ్డు మునిగింది. ఉప్పు కలిపిన నీళ్ళలో తేలింది. మీటరు చేసేదీ ఇంతే అన్నాను. నీరు బరువైతే తేలుతుంది, తేలికైతే మునుగుతుంది. పాలు నీళ్ళకన్నా బరువు. నీళ్ళు కలిస్తే తేలికవుతాయి, మీటరు మునుగుతుంది. దానికి నీళ్ళు కనబడవు, బరువే తెలుస్తుంది.

"మరి వేడికేటవుద్ది?" అని ప్రెసిడెంటు గారే అడిగారు.

"బండి చక్రానికి ఇనప పట్టా ఎలా ఎక్కిస్తారండి?"

"కాల్చి ఎక్కిస్తారు. కాలిస్తే సాగుద్ది. నీళ్ళు పోస్తే బిగుసుద్ది."

"పాలూ అంతేనండి. వేడి మీద ఒళ్ళు విరుచుకుంటాయి, చల్లారితే దగ్గరపడతాయి. విరుచుకున్నప్పుడు అదే చెంబులో పట్టే పాలు కాస్త తక్కువ. అందుకే తేలిక. అప్ప పాలు పట్టా కాలినప్పుడు చూశాం మనం. మీ అందరివీ బిగిశాక చూశాం."

ఆ మాట వాళ్ళకు ఎంతవరకు ఎక్కిందో నేను చెప్పలేను. చక్రాలు కట్టే వడ్రంగి ఒకాయన అక్కడే ఉన్నాడు. "మరే" అన్నాడు. ఆ ఒక్క ముక్క నా ఉపన్యాసమంతటికన్నా ఎక్కువ పనిచేసింది.

పాలు చల్లారాయి. థర్మామీటరు పెట్టి చూసి, జాడీలో పోయించాను. ఈసారి మీటరు నేను ముట్టుకోలేదు. సెక్రటరీనే వదలమన్నాను. అది ఊగి, నిలదొక్కుకుని, గీత దగ్గర ఆగింది. అతను వంగి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"డిగ్రీ వొచ్చిందండి" అన్నాడు. తర్వాత అప్ప వైపు తిరిగి, "తప్పయిపోనాది అప్పా" అన్నాడు. 

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కళ్ళ నీళ్ళు మాత్రం ధారగా కారాయి. నాకూ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను గొప్పవాణ్ణయిపోయేవాణ్ణి. అవలేదు. కళ్ళు తుడుచుకున్నాక సెక్రటరీ తన నిక్కచ్చి గుణం బయటపెట్టాడు.

"రేపట్నుంచి సల్లారబెట్టి తీసుకురా అప్పా. పోయించుకుంటాను. కానీ ఆ సుక్క మానెయ్యాల. ఇయ్యాల అందరి ముందూ ఏసేవు. సుక్కయినా నీళ్ళే. తెలిసి తెలిసీ నాను పోయించుకోలేను."

"మాన్ను" అంది అప్ప.

"రూలు కదా."

"రూలు నీది. గేది నాది. రేపు దాని పొదుగెండిపోతే మీ మీటరు పాలిస్తాదా? అయితే మీ సొసైటీ వొద్దు, మీ డిగ్రీ వొద్దు."

అందరూ నా వైపు చూశారు. వేడికి పాలు ఎందుకు తేలికవుతాయో చెప్పగలిగాను కానీ, దీనికి 'ఎందుకంటే' అని ఎక్కడ మొదలుపెట్టను? దిష్టి లేదమ్మా అనొచ్చు. అంటే ఆవిడ నమ్మదు. నా మాటకు మానేసినా, రోజూ పొద్దున్నే ప్రాణం గిలగిల్లాడుతూనే పాలు పోస్తుంది. ఒక్క చుక్కకి ఫరవాలేదులే అనొచ్చు. అంటే రేపు అందరూ చుక్కే అంటారు. ఆ చుక్క ఎంతదో ఎవరు చూస్తారు? అప్ప బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆవిడ పేరైతే నిలిచింది. గేదె మాత్రం సంత దారిలోనే ఉంది.

థర్మామీటరు సెక్రటరీ దగ్గరే వదిలి వచ్చాను. సంగతి చెబితే కెమిస్టు గారు కోప్పడలేదు. కొన్నాళ్ళకు అదే ఊరి నుంచి వచ్చిన ఒక క్యాను పాలు పరీక్షిస్తూ ఆయన గట్టిగా నవ్వడం విన్నాను. గబగబా వెళ్ళాను. "డిగ్రీ అద్భుతంగా ఉందయ్యా. ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని చూడు" అన్నారు. ఉప్పు. ఎవరో మహానుభావుడు నా కోడిగుడ్డు పాఠం నాకన్నా బాగా అర్థం చేసుకుని, నీళ్ళు పోసి ఉప్పు వేశాడు. "తలుపులు బార్లా తీయొద్దన్నానా?" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఫరవాలేదులే. ఒక్కడు దొంగతనం నేర్చుకున్నాడు, ఒకామె పేరు దక్కించుకుంది" అని క్యాను పక్కన పెట్టించారు.

ఆ ఉప్పు క్యాను పేరు చెప్పుకుని ఆ ఊరు మళ్ళీ వెళ్ళాను. సంత అయిపోయి కూడా కొన్ని రోజులయింది. దారంతా అప్ప గోడ అవతల ఖాళీ కట్టుకొయ్యే కళ్ళ ముందు మెదిలింది. సెంటరు దగ్గర వ్యాను దిగేసరికి వరసలో మొదట నిలబడ్డ మనిషి అప్పే. పాలబిందె ముందే నీళ్ళ గోళెంలో పెట్టి, చల్లార్చుకుని మరీ తెచ్చుకుంది. 

ఎవరూ పాలు పోయడం లేదు. సెక్రటరీ కోసం చూస్తున్నారు. అతను కడిగి బోర్లించిన క్యాను తిప్పి నిలబెట్టాడు. పక్కనున్న గ్లాసులో వేలు ముంచాడు. ఖాళీ క్యానులోకి ఒక్క చుక్క నీళ్ళు విదిలించాడు. వరసలోని ముసలమ్మలంతా మెడలు చాపి చూసి, తృప్తిగా వెనక్కి జరిగారు. అప్పుడు అప్ప తన పాలు కొలతకు ఇచ్చింది.

సొంత బావమరిది పాలు వెనక్కి పంపిన మనిషి సొసైటీ క్యానులో నీళ్ళు కలుపుతున్నాడు, తనిఖీకి వచ్చిన ఉద్యోగి కళ్ళ ముందే.

"ఇదేమిటయ్యా?" అన్నాను.

అతను సిగ్గుపడలేదు. "ఊరందరి గేదెలకీ కలిపి ఒకటేనండి. ఇంక ఎవులూ ఇంటికాడ ఎయ్యరు. ఒట్టేసేరు. నానే ఏస్తాను. కొలత నా సేతిలో ఉంటాది కదండీ" అన్నాడు. "అప్పే ఒప్పుకున్నాది. గుమ్మం ఇంటిదయితే ఏటి, సెంటరుదయితే ఏటి, దాటడమే కదా అన్నాది."

మా రూళ్ళలో నీళ్ళు కలిపిన సెక్రటరీని ఏం చేయాలో స్పష్టంగా ఉంది. ఆ చుక్కతో ఊరిలో ఎన్ని చుక్కలు ఆగిపోయాయో అందులో లేదు. అప్ప పాలు జాడీలో పోశారు. నేనే మీటరు వదిలాను. చక్కగా తేలింది.

ఆ తర్వాత బదిలీ అయ్యేదాకా ఆ ఊరికి చాలాసార్లు తనిఖీకి వెళ్ళాను. క్యాను నిలబెట్టగానే ముందు అడిగేవాణ్ణి నేనే.

"చుక్క వేశావా?"